సోలార్ హీటర్ పెట్టించే ముందు గిన్నె అడుగు గీకి చూడండి

మా అత్తయ్యకి కార్తీకమాసం వస్తే తెల్లవారుజామున నాలుగున్నరకే తలస్నానం. ఐదేళ్ళ కిందట ఒకరోజు, బకెట్‌లో హీటర్ రాడ్ ఉండగానే, నీళ్ళు కాగాయో లేదోనని వేలు పెట్టి చూసింది. షాక్ కొట్టి వెనక్కి పడింది. పెద్ద దెబ్బ తగల్లేదు గానీ, నా గుండె ఆగినంత పనైంది. కావలిలో మా ఇంటి మీదికి సోలార్ హీటర్ అలా వచ్చింది. మరుసటి ఏడు కనిగిరిలో తమ్ముడు తనూ పెట్టిస్తానంటే మాత్రం వద్దని నేనే చెప్పాను. ఆ రెండు ఇళ్ళ తేడా చెప్తాను, మీ ఇల్లు ఎటు వస్తుందో చూసుకోండి.

అన్నిటికంటే ముందు నీళ్ళు. మీరు రోజూ స్నానానికి నీళ్ళు కాచే గిన్నె బోర్లించి ఆరనిచ్చి, లోపల అడుగును గోరుతో గీకండి. గోరుకి సన్నటి తెల్లపొడి అంటితే పరవాలేదు. తమ్ముడి ఇంట్లో గీకితే కోడిగుడ్డు పెంకులాంటి పెచ్చులు లేచాయి. బోరు నీళ్ళలో ఉన్న సున్నం వేడి తగలగానే విడిపోయి ఇలా గట్టిపడుతుంది. సోలార్‌లో రెండు రకాలున్నాయి. పలకల రకంలో అద్దం కింద చిటికెన వేలంత రాగి గొట్టాలుంటాయి. వాళ్ళ వీధిలో ఒకరి హీటర్ విప్పినప్పుడు ప్లంబర్ ఆ గొట్టాన్ని కోసి చూపించాడు. సున్నం చుట్టూ పేరుకుని, మధ్యలో పెన్సిల్ ముల్లు దూరేంత కన్నమే మిగిలింది. గాజు గొట్టాల రకం ఇంత త్వరగా పూడదు, అడుగున చేరిన పెచ్చుల్ని గొట్టం తీసి కడగొచ్చు, పగిలితే ఆ ఒక్కటే మార్చుకోవచ్చు. అందుకే బోరు నీళ్ళయితే గాజు గొట్టాలే అడగండి. తీరానికి దగ్గరగా ఉప్పునీళ్ళు పడే ఊళ్ళలో మామూలు స్టీలు ట్యాంకుకి కూడా చిల్లులు పడతాయి. లోపల ఎనామిల్ పూత ఉన్న ట్యాంకు ఎంచుకోవాలి.

తర్వాత ఖర్చు లెక్క. 20 లీటర్ల నీళ్ళని 26 డిగ్రీల నుంచి 40 డిగ్రీలకి తేవడానికి యూనిట్‌లో మూడో వంతు కరెంటు చాలు. నలుగురున్న ఇంట్లో గీజర్‌కి, మధ్యలో చల్లారిపోయేది కూడా కలుపుకుని, రోజుకి యూనిట్టున్నర నుంచి రెండు యూనిట్లు వేసుకోండి. మన వైపు మే నెలలో మధ్యాహ్నానికి సింటెక్స్ నీళ్ళే ఒళ్ళు కాలుతుంటాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మాత్రమే వేణ్ణీళ్ళు పోసుకునే ఇంటికి ఏడాదికి 200 యూనిట్లు, యూనిట్ 6 రూపాయలనుకుంటే 1,200. మాకు 100 లీటర్లది పైపులతో కలిపి 24 వేలైంది. డబ్బు కోసమే అయితే అది ఇరవై ఏళ్ళకి గానీ తిరిగి రాదు, గీజరే మేలు. ఇంట్లో చంటిబిడ్డో, మోకాళ్ళ నొప్పులతో ఏడాది పొడవునా వేణ్ణీళ్ళు కావాల్సిన పెద్దవాళ్ళో ఉంటే లెక్క మారుతుంది. అత్తయ్య ఉంది కాబట్టే మాకు గిట్టుబాటైంది. ఇంకొకటి, ఇంటి మీద సోలార్ కరెంటు కోసం కేంద్రం పెట్టిన సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకి ఇచ్చే 78 వేల సబ్సిడీ కరెంటు ప్యానెళ్ళకే. నీళ్ళ సోలార్‌కి కూడా వస్తుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. డాబా చిన్నదైతే, ఆ చోటు ప్యానెళ్ళకి ఇచ్చి గీజర్ వాడుకోవడం మంచిదని నా అభిప్రాయం.

డాబా ఎక్కి చూడాల్సినవి కూడా ఉన్నాయి. నీడని డిసెంబరులో చూడండి. అప్పుడు సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు. దక్షిణం వైపు పక్కింటి గోడ మన డాబా కంటే పదడుగులు ఎత్తుంటే మిట్టమధ్యాహ్నం కూడా దాదాపు ఎనిమిది అడుగుల నీడ పడుతుంది, ఉదయం ఇంకా ఎక్కువ. చన్నీళ్ళ ట్యాంకు అడుగు సోలార్ ట్యాంకు కంటే ఎత్తులో ఉండాలి. మాది మెట్లగది మీద ఉంది కాబట్టి సరిపోయింది. మీ సింటెక్స్ డాబా నేల మీదే ఉంటే స్టాండు ఖర్చు కూడా కలుపుకోండి. హీటర్ కాళ్ళు దూలం మీదికి వచ్చేలా, బోల్టులతో బిగించమనండి. ఇటుకలు పేర్చి ఊరుకుంటే ఒప్పుకోవద్దు. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది, దాని ముందు రాత్రి మాకు నిద్ర లేదు, కానీ హీటర్ కదల్లేదు. ఆ ముసురు రోజుల్లో నీళ్ళు మాత్రం వేడెక్కలేదు. మనకి వానలు పడేది సరిగ్గా వేణ్ణీళ్ళు కావాల్సిన నెలల్లోనే కాబట్టి, ఉన్న గీజర్ తీసేయకండి.

వేడినీళ్ళకి మామూలు పీవీసీ పనికిరాదు, వేడికి తట్టుకునే సీపీవీసీ పైపులు వేయించి, వేడి పోకుండా పైన తొడుగు వేయించాలి. మా బాత్రూమ్ దూరం. కుళాయి తిప్పాక వేడి అందేలోపు నాలుగైదు లీటర్లు చల్లటివే వస్తాయి. వాటిని బకెట్‌లో పట్టి చెట్లకి పోస్తున్నాను. సైజు దగ్గర షాపువాళ్ళు 200 లీటర్లు అంటారు. వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడు అన్నట్టు, 60 డిగ్రీల నీళ్ళలో సగానికి పైగా చల్లటివి కలిపితే గానీ ఒంటిమీద పోసుకోలేం, నలుగురికి 100 చాలు.

బిగించిన రోజే ఇంట్లో అందరికీ ఒక మాట చెప్పండి. పైన నీళ్ళు అయిపోయి గాజు గొట్టాలు ఎండలో ఖాళీగా ఉంటే, మధ్యాహ్నం మోటారు వేయకూడదు. కాలిన గాజు మీద చన్నీళ్ళు పడితే టప్పున పగుళ్ళిస్తుంది. రాత్రి చల్లబడ్డాకే నింపాలి. వేసవిలో నీళ్ళు మరీ కాగుతాయి, సగం గొట్టాల మీద గోనెపట్టా కప్పుతాం. పిల్లలున్న ఇంట్లో ఇది మరవద్దు.

తమ్ముడు గీజర్ పెట్టించాడు. దానికీ సున్నం పడుతుంది. ఏటా దసరా సెలవుల్లో ఎలిమెంటు విప్పించి పెచ్చులు రాలగొట్టిస్తాడు.