బ్యాలెన్సింగ్ చేయించినా బ్లోయర్ వణుకు తగ్గలేదా? మోటారు కాళ్ళు చూడండి

హైదరాబాద్‌లోని జీడిమెట్ల, బాలానగర్ షెడ్ల నుంచి నాకు వచ్చే ఫోన్లన్నీ ఒకేలా మొదలవుతాయి: "అన్నా, బ్లోయర్ వణుకుతోంది, బ్యాలెన్సింగ్ చేయించాలి." బ్యాలెన్సింగ్ అంటే గాలి తోసే రెక్కల చక్రం (ఇంపెల్లర్) బరువు అన్ని వైపులా సమానం చేయడం. చేయించండి, కాదనను. ఇంపెల్లర్ ఊడదీసే ముందు రెక్కల మీద దుమ్ము గీకారా? ఒక్క రెక్క మీద పెచ్చు కట్టినా వణుకు మొదలవుతుంది. బేస్ బోల్టులన్నిటికీ స్పానర్ పెట్టి చూశారా? ఈ రెండూ చేయకుండా ఫోన్ చేసేవాళ్ళే ఎక్కువ.

లక్షణం: అవన్నీ చేశారు. బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ (మోటారు, బ్లోయర్ షాఫ్టులను ఒకే వరసలోకి తేవడం) కూడా అయ్యాయి. అయినా వణుకు తగ్గదు, కొత్త బేరింగ్ కూడా త్వరగా పోతోంది.

కారణం: సాఫ్ట్ ఫుట్. మోటారుకున్న నాలుగు కాళ్ళలో ఒకటి బేస్ మీద సరిగ్గా ఆనదు. కుర్చీకి ఒక కాలు పొట్టిగా ఉంటే కూర్చోగానే తెలుస్తుంది. మోటారు విషయంలో తెలియదు, ఎందుకంటే మనం బోల్టు బిగించి ఆ కాలిని బలవంతంగా కిందికి లాగేస్తాం. దాంతో మోటారు బాడీ మెలి తిరుగుతుంది, రెండు బేరింగులు ఒకే వరసలో ఉండవు, రోటర్ (మోటారు లోపల తిరిగే భాగం) చుట్టూ ఉండాల్సిన గ్యాప్ ఒక పక్క తగ్గుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి దానికి రెట్టింపు, అంటే 100 హెర్ట్జ్ దగ్గర ఒక గుయ్ మనే శబ్దం కూడా తోడవుతుంది. స్విచ్ ఆపిన క్షణమే అది మాయమైతే గ్యాప్ మీద అనుమానపడండి. స్పీడుతో పాటు మెల్లగా తగ్గితే అది మెకానికల్ వణుకు.

దీని చేతిలో నేనూ దెబ్బతిన్నాను. 1440 ఆర్‌పీఎం మోటారు, ఇంపెల్లర్‌ని రెండుసార్లు బ్యాలెన్స్ చేయించాం, బేరింగులు మార్చాం. ఓనరు ముఖం చూడాలంటే టెన్షన్‌గా ఉండేది. చివరికి ఒక్కో కాలి మీద డయల్ గేజ్ (సన్నని కదలికను ముల్లుతో చూపే పరికరం) పెట్టి బోల్టు వదులు చేశాను. మూడు కాళ్ళు కదల్లేదు. నాలుగోదాని బోల్టు తిప్పగానే ముల్లు 0.35 మిల్లీమీటర్లు ఎగిరింది. కాలి కింద చూస్తే మూడు పొరల పెయింటు, మడత పెట్టిన రేకు ముక్క! ఎవరో ఎప్పుడో పెట్టి మరిచిపోయారు.

పరిష్కారం: మెయిన్ ఆపి, ఎవరూ ఆన్ చేయకుండా తాళం వేయండి. నడుస్తున్న మిషన్ బోల్టు ముట్టుకోవద్దు. నాలుగూ బిగించి ఉంచి, ఒక్కటి మాత్రమే వదిలి, డయల్ చూసి, మళ్ళీ బిగించాకే పక్కదానికి వెళ్ళండి. 0.05 మిల్లీమీటర్లకు మించి లేస్తే ఆ కాలిది సాఫ్ట్ ఫుట్. తుప్పు, పెయింటు గీకి, ఫీలర్ గేజ్‌తో (సందులో దూర్చి కొలిచే పలచటి రేకులు) ఆ కాలి నాలుగు మూలలా సందు కొలవండి. అన్ని మూలలా ఒకేలా ఉంటే అంత మందం స్టెయిన్‌లెస్ షిమ్ము (కాలి కింద పెట్టే రేకు) పెడితే సరి. ఒక మూల ఎక్కువ, ఒక మూల తక్కువ ఉంటే కాలే వంకర, మామూలు షిమ్ముతో పని కాదు, మెషినింగ్‌కి పంపాల్సిందే. షిమ్ములు మూడు నాలుగు దాటితే స్ప్రింగులా ఊగుతాయి, వాటి బదులు ఒక మందపాటిది పెట్టండి. తర్వాత అలైన్‌మెంట్ మళ్ళీ పట్టండి. మోటారు ఎత్తు మారింది కదా.

మిగతావి: వీఎఫ్‌డీ (మోటారు స్పీడు మార్చే డ్రైవ్) ఉన్న మిషన్ ఒక్క స్పీడు దగ్గరే వణికితే అది రెజొనెన్స్, అంటే ఆ స్పీడు మిషన్ సహజంగా ఊగే వేగంతో కలిసిపోవడం; డ్రైవ్‌లో ఆ ఫ్రీక్వెన్సీని దాటవేయించండి, లేదా బేస్‌కి అడ్డబద్ద వెల్డ్ చేయించండి. రాణీగంజ్‌లో కొన్న గట్టి రబ్బరు ప్యాడ్లు వేసి వణుకు ఆగలేదంటే ఆశ్చర్యం లేదు: మిషన్ బరువుకి అవి దిగాలి, దిగకపోతే సిమెంటు దిమ్మతో సమానం.