ఫుడ్ లైసెన్స్ దగ్గర ఆగిపోయారా? ముందు ఎవరి ఫోన్ నంబర్ ఇచ్చారో చూడండి

కేక్ ఎలా పొంగాలో, ఎండాకాలంలో క్రీమ్ ఎలా నిలబెట్టాలో ఇక్కడ రాయట్లేదు. అది చేతనైనవాళ్లే అమ్మకం దాకా వస్తారు. వచ్చాక ఆగిపోయేది కాగితాల దగ్గరే. నాది నేను చేయించుకున్నాక, పక్క ఫ్లాటు ఆవిడది, ఆవిడ తోడికోడలిది, ఆ తోడికోడలి స్నేహితురాలిది అంటూ మా డైనింగ్ టేబుల్ మీద చాలా అప్లికేషన్లు నడిచాయి. ఫోన్ ఎత్తగానే అందరూ అనేది ఒకటే మాట: "అక్కా, నాది అక్కడ ఆపేశారు, ఎవరినైనా పట్టుకోవాలేమో." ఎవరినీ పట్టుకోనక్కర్లేదు. ముందు మీ కాగితం మీరు చదవండి.

ఒక చిన్న మాట. మనం అలవాటుగా "ఫుడ్ లైసెన్స్" అంటాం గానీ, ఇంట్లో కేకులు చేసి అమ్మేవాళ్లలో ఎక్కువమందికి కావాల్సింది ఎఫ్ఎస్ఎస్ఏఐ (దేశంలో ఆహార భద్రత చూసే సర్కారు సంస్థ) రిజిస్ట్రేషన్. 2006 నాటి ఆహార భద్రత చట్టం కింద 2011లో వచ్చిన నిబంధనల్లో, ఏడాదికి 12 లక్షల రూపాయల లోపు టర్నోవర్ ఉన్నవాళ్లకు రిజిస్ట్రేషన్ చాలన్నారు. దాని రుసుము ఏడాదికి 100 రూపాయలు. నేను చేయించినవన్నీ ఆ లెక్కలోనే అయ్యాయి. ఇలాంటి పరిమితులను మధ్యమధ్యలో సవరిస్తుంటారు కాబట్టి, మీరు దరఖాస్తు పెట్టే రోజు పోర్టల్‌లో ఏముంటే అదే లెక్క. ఆ పోర్టల్ పేరు ఫాస్కాస్. వెబ్ అడ్రస్ చివర 'జీఓవీ డాట్ ఇన్' ఉండాలి. లేకపోతే అది సర్కారు సైటు కాదు, సర్కారు సైటులా రంగులేసుకున్న ప్రైవేటు దుకాణం. 100 రూపాయల పనికి రెండు మూడు వేలు అడిగితే మీరు ఎక్కడున్నారో అర్థం చేసుకోండి.

లక్షణం: డెలివరీ యాప్‌లో నంబర్ కొడితే చెల్లదంటోంది

అంకెలు లెక్కపెట్టండి. నిజంగానే, వేలు పెట్టి లెక్కపెట్టండి.

రిజిస్ట్రేషన్ నంబర్‌కి 14 అంకెలు ఉంటాయి. దరఖాస్తు పెట్టిన రోజు వచ్చే రసీదు నంబర్‌కి 17 ఉంటాయి. డబ్బు కట్టగానే ఫోన్‌కి ఒక పొడుగాటి నంబర్ వస్తుంది, దాన్నే లైసెన్స్ అనుకుని సంబరపడిపోతారు. ఒకావిడ ఆ 17 అంకెల నంబర్‌తో ఐదొందల స్టిక్కర్లు కొట్టించి, బంగారు రంగు అంచు కూడా వేయించి, నాకు ఫొటో పంపింది. ఏం చెప్పను!

14 అంకెలే ఉన్నా చెల్లదంటే, మొదటి అంకె చూడండి. రిజిస్ట్రేషన్ అయితే 2తో మొదలవుతుంది, లైసెన్స్ అయితే 1తో. యాప్‌లో ఏది అడిగారో, మీరు ఏది ఎంచుకున్నారో సరిచూసుకోండి. ఆ తర్వాత రెండంకెలు రాష్ట్రం కోడ్: ఆంధ్రప్రదేశ్‌కి 01, తెలంగాణకి 36. మీ వంటిల్లు కూకట్‌పల్లిలో ఉండి నంబర్‌లో 01 కనిపిస్తోందంటే, ఊరి అడ్రస్ మీద తీసుకున్నారన్నమాట. అది హైదరాబాద్ వంటింటికి పనికిరాదు. రిజిస్ట్రేషన్ మనిషికి ఇచ్చేది కాదు, ఆ మనిషి ఫలానా చోట చేసే పనికి ఇచ్చేది. ఇల్లు మారినా ఇదే సూత్రం.

ఇవన్నీ సరిగ్గానే ఉన్నాయా? అయితే ఫాస్కాస్ మొదటి పేజీలోనే నంబర్ కొట్టి వెతికే వీలుంది. మీ పేరు అక్కడ కనబడకపోతే మీ చేతిలో ఉన్న కాగితం ఎక్కడిదో ఇచ్చినవాళ్లనే అడగండి.

లక్షణం: దరఖాస్తు పెట్టి వారాలైంది, ఉలుకూ పలుకూ లేదు

అసలు విషయం ఇక్కడుంది. కాస్త నిదానంగా చదవండి.

నిబంధనల ప్రకారం దరఖాస్తు అందిన 7 రోజుల్లో అధికారి మూడింట్లో ఒకటి చేయాలి: రిజిస్ట్రేషన్ ఇవ్వాలి, కారణం రాసి తిరస్కరించాలి, లేదా తనిఖీకి వస్తామని నోటీసు ఇవ్వాలి. తనిఖీ అంటే 30 రోజుల్లో తేల్చాలి. ఆఫీసుల్లో ఆలస్యాలు ఉండవని నేననను. కానీ నెల దాటినా మీకు ఒక్క మెసేజ్ కూడా రాలేదంటే, మెసేజ్ పుట్టలేదని అనుకోకండి. పుట్టింది, వేరే ఇంటికి వెళ్లింది.

నేను దెబ్బతిన్నది ఇక్కడే. 2021లో, క్రిస్మస్‌కి ఓ ఆఫీసు వాళ్లు ప్లమ్ కేకులు కావాలన్నారు, బిల్లు మీద రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలన్నారు. అక్టోబరులోనే మా వీధి చివర నెట్ సెంటర్‌కి వెళ్లాను. ఆధార్ ఇచ్చాను, ఫొటో ఇచ్చాను, డబ్బిచ్చాను. అబ్బాయి చకచకా కొట్టేశాడు, రసీదు చేతిలో పెట్టాడు. నవంబరంతా ఎదురుచూశాను. ఎండుద్రాక్ష, చెర్రీలు రసంలో నానుతున్నాయి, నేను టెన్షన్‌లో నానుతున్నాను. చివరికి ఆఫీసుకే వెళ్లి, గట్టిగానే అడుగుదామని, రసీదు బల్ల మీద పెట్టాను. అక్కడున్నాయన నంబర్ కొట్టి, తెర నావైపు తిప్పాడు. "ఇల్లు అద్దెది కదమ్మా, ఒప్పందం కాగితం పెట్టమని అడిగాం. మీరు జవాబివ్వలేదు. తిరస్కరణ అయిపోయింది." తెర మీద ఫోన్ నంబర్ చూస్తే నాది కాదు. నెట్ సెంటర్ వాళ్లది. ఈమెయిలూ వాళ్లదే. అడిగిన ప్రశ్న వాళ్ల ఫోన్‌కి వెళ్లింది, అలాంటి మెసేజ్‌లు రోజుకి ఎన్నో వచ్చే ఫోన్‌లో నాది ఎక్కడో కిందికి పోయింది. అబ్బాయిలో చెడ్డతనమేమీ లేదు. ఓటీపీ కోసం ప్రతిసారీ కస్టమర్‌ని అడగడం ఎందుకని తన నంబర్ కొట్టుకున్నాడంతే. నా ఆర్డర్ మాత్రం పోయింది.

ఇలా వేరేవాళ్ల ఫోన్ నంబర్ ఉండిపోవడాన్ని నేను దొంగ జబ్బు అంటాను. ఎందుకంటే, ఇది ఒక్కోసారి ఒక్కో వేషంలో వస్తుంది. ఒకరికి అప్లికేషన్ ఆగినట్టు కనిపిస్తుంది. ఇంకొకరికి రిజిస్ట్రేషన్ వచ్చేస్తుంది, అంతా బాగానే ఉంటుంది, గడువు దగ్గరపడిందన్న మెసేజ్ మాత్రం రాదు. పోయిందని తెలిసేది యాప్ వాళ్లు మెనూ ఆపేసిన రోజున. మరొకరు ఇల్లు మారి అడ్రస్ మార్చుకుందామంటే లాగిన్ ఉండదు, పాస్‌వర్డ్ మర్చిపోయానని నొక్కితే ఓటీపీ ఎవరికో పోతుంది. ఒకావిడ ఇంటికి తనిఖీకి వచ్చే ముందు ఫోన్ చేశారట. ఎత్తింది ఆవిడ దరఖాస్తు పెట్టించిన ఏజెంటు, ఆవిడ ఊళ్లో లేదని అతనే చెప్పేశాడు. ఆవిడ ఆ రోజంతా ఇంట్లోనే కుకీలు చేస్తూ ఉంది! నాలుగు ఇబ్బందులూ వేరువేరుగా కనిపిస్తాయి, వేరు ఒక్కటే.

కనిపెట్టడం సులువే. ఆ లాగిన్ పేరూ పాస్‌వర్డూ మీ దగ్గర రాసి ఉన్నాయా? దరఖాస్తు పెట్టిన రోజు ఓటీపీ మీ ఫోన్‌కి వచ్చిందా? రెండింట్లో ఏ ఒక్కదానికి "ఏమో" అన్నా జబ్బు ఉన్నట్టే లెక్క. రసీదు మీది 17 అంకెల నంబర్ చేతిలో ఉంటే, లాగిన్ లేకపోయినా పోర్టల్‌లో దరఖాస్తు ఎక్కడుందో చూడొచ్చు. మీ దగ్గరికే తిరిగి పంపినట్టు కనిపిస్తే, అంతటితో అనుమానం తీరిపోతుంది.

సరిచేయడానికి వరసగా ఇలా వెళ్లండి. ముందు ఏజెంటు దగ్గరికి స్వయంగా వెళ్లండి, ఫోన్లో వద్దు. అతని ఎదురుగా లాగిన్ తెరిపించి, అడిగిన కాగితం ముందు పెట్టించండి, ఎందుకంటే గడువు ఆగదు. ఆ తర్వాతే ఫోన్, ఈమెయిల్, పాస్‌వర్డ్ మీవిగా మార్పించుకోండి. చాలామంది ఈ వరస తిరగేసి, పాస్‌వర్డ్ గురించి గొడవపడుతూ కూర్చుంటారు, ఈలోపు దరఖాస్తు తిరస్కరణకి పోతుంది. ఏజెంటు దుకాణం ఎత్తేశాడా? మీ ప్రాంతపు ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్‌కి తెల్లకాగితం మీద రాసివ్వండి: ఫలానా నంబర్ నాది, ఇందులో ఉన్న ఫోనూ ఈమెయిలూ నావి కావు, ఇవి నావి, మార్చగలరు. ఆధార్ నకలు, రసీదు లేదా రిజిస్ట్రేషన్ కాగితం నకలు జతచేయండి. ఇచ్చినట్టు మరో నకలు మీద ముద్ర వేయించుకుని తెచ్చుకోండి. ఎఫ్ఎస్ఎస్ఏఐ టోల్ ఫ్రీ నంబర్ 1800112100కి కూడా ఫిర్యాదు చేయండి, కానీ దాన్ని నమ్ముకుని కాగితం ఇవ్వడం మానకండి.

దరఖాస్తు అప్పటికే తిరస్కరణ అయిపోయి ఉంటే పోరాడకండి. మళ్లీ 100 రూపాయలు కట్టి, మీ సొంత నంబర్‌తో కొత్తగా పెట్టుకోండి. నేనదే చేశాను. ఫోన్లో కూడా పెట్టొచ్చు, అరగంట పని. ఈమెయిల్ మాత్రం రోజూ తెరిచేది ఇవ్వండి. కాలేజీ రోజుల్లో తెరిచి వదిలేసిన ఈమెయిల్ ఇస్తే అది కూడా ఏజెంటు నంబర్ ఇచ్చినట్టే.

లక్షణం: కాగితాలు సరిగా లేవని వెనక్కి వచ్చింది

ఇది మన ఇళ్లలో సహజం. ఆధార్‌లో తెనాలి అత్తగారింటి అడ్రస్, ఉండేది మియాపూర్‌లో. ఆధార్ అడ్రస్, వంటిల్లు ఉన్న అడ్రస్ ఒకటి కాకపోతే, ఆ ఇంట్లో మీరుంటున్నట్టు మరో కాగితం పెట్టాలి. అద్దె ఒప్పందమో, కరెంటు బిల్లో. బిల్లు ఇంటి ఓనరు పేరున ఉంటే ఆయన ఇచ్చే సమ్మతి పత్రం కూడా కలపండి, రెండోసారి తిరిగిరాదు.

పేరు సంగతి ఇంకా తమాషా. పాన్ కార్డులో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు, బ్యాంకులో పొడి అక్షరం. ఏదో ఒక గుర్తింపు కార్డు పట్టుకుని, అందులో ఉన్నట్టు అక్షరం పొల్లుపోకుండా కొట్టండి. బేకరీకి పెట్టుకున్న ముద్దుపేరు వ్యాపారం పేరు దగ్గర రాయాలి, మీ పేరు దగ్గర కాదు.

వ్యాపారం రకం అడిగినచోట రిటైలర్ అని నొక్కేవాళ్లున్నారు. మీరు కొని అమ్మట్లేదు, తయారుచేస్తున్నారు. తయారీయే ఎంచుకుని, ఆహార వర్గాల్లో బేకరీ ఉత్పత్తులు పెట్టండి, అది 7వ వర్గం.

లక్షణం: నంబర్ వచ్చింది, కొట్టువాడు మాత్రం ప్యాకెట్ వెనక్కి ఇచ్చాడు

దాదాపు ప్రతిసారీ చుక్క దగ్గరే తప్పు. గుడ్డు వేసిన కేకు మీద ఆకుపచ్చ చుక్క పెడతారు, "గుడ్డే కదా, మాంసం కాదుగా" అని. నిబంధనల్లో గుడ్డు మాంసాహారం కిందికే వస్తుంది. పాలు, తేనె రావు. గుడ్డు కేకుకి గోధుమరంగు చతురస్రంలో గోధుమరంగు త్రికోణం పెట్టాలి. శాకాహారానికి ఆకుపచ్చ చతురస్రంలో ఆకుపచ్చ చుక్క.

గుడ్డు లేకుండా చేసేవాళ్లు ఇంకో చోట జారుతుంటారు. మీరు కొనే ఫాండెంట్ (కేకు మీద బొమ్మలు చేసే చక్కెర ముద్ద), మార్ష్‌మాలో డబ్బా వెనక ఒకసారి చదవండి. జెలటిన్ ఉంటే అది జంతువుల నుంచి తీసినది. పిండిలో గుడ్డు లేకపోయినా, పైన పెట్టిన ఆ బొమ్మ వల్ల కేకు మొత్తం శాకాహారం కాకుండా పోతుంది. వ్రతానికో నోముకో కేకు పంపేటప్పుడు ఇది తెలియకపోతే, వాళ్ల ఇంట్లో మీ పేరు మళ్లీ ఎత్తరు.

మిగతావి మీకు తెలిసినవే: పదార్థాలు, బరువు, తయారీ తేదీ, ఎప్పటిలోగా తినాలో, మీ పేరు, అడ్రస్, బ్యాచ్ నంబర్. గోధుమ, పాలు, గుడ్డు, జీడిపప్పులాంటి ఎలర్జీ సరుకులు విడిగా కనబడాలి.

అరుదుగా వచ్చేవి

నీటి పరీక్ష రిపోర్టు అడిగారంటే ఇచ్చేయండి, వాదించకండి. అపార్ట్‌మెంట్ సంఘం వాళ్లు గొడవపడితే అది ఫుడ్ సేఫ్టీ సమస్య కాదు, పార్సిల్ అబ్బాయిలు లిఫ్ట్ దగ్గర గుమిగూడే సమస్య, కింద గేటు దగ్గరికి మీరే తీసుకెళ్లండి. గ్యాస్ ఓవెన్ వాడేవాళ్లు ఇంటి 14.2 కిలోల సిలిండర్‌ను వ్యాపారానికి వాడకూడదు, 19 కిలోల కమర్షియల్ సిలిండర్ తీసుకోవాలి.

బిల్లు మీద రిజిస్ట్రేషన్ నంబర్ రాయడం 2022 జనవరి 1 నుంచి తప్పనిసరి. బిల్లు బుక్ అచ్చు వేయించే స్తోమత ఇప్పుడే లేకపోతే రబ్బరు స్టాంపు చేయించుకోండి. ఆర్డర్ ఇచ్చే ముందు ఇంకోసారి లెక్కపెట్టండి, పద్నాలుగు.