ఫ్లమరీ నేర్చుకుందాం – 3: గట్టిపడని గిన్నె సంగతి

ఫ్లమరీ అంటే ఓట్స్‌ను నానబెట్టి పులియనిచ్చి, వడగట్టిన పిండినీళ్లను ఉడికించి గట్టిపరిచే పాతకాలపు బ్రిటన్ వంటకం. ఈసారి దాన్ని అచ్చుల్లో పోయడం నేర్పాలి. కానీ గత పాఠం చేసి చూసినవాళ్లలో చాలామంది ఒకటే రాశారు: ‘జిగురుగా సాగుతోంది, గట్టిపడటం లేదు’. ముందు అది తేల్చుకుందాం.

లోపం మీ చేతిలో లేదు, ఓట్స్‌లో ఉంది. అటుకుల్లా ఉండే ఓట్స్‌ను ఆవిరి పట్టి నొక్కుతారు. అందులోని పిండి అప్పటికే కొంత ఉడికిపోయి ఉంటుంది. నానబెడితే అడుగుకు దిగాల్సింది జిగురై జల్లెడకు అంటుకుంటుంది. ఇన్‌స్టంట్ ఓట్స్‌తో ఇంకా కష్టం. ప్యాకెట్ మీద ‘హోల్ గ్రెయిన్’ అని ఉన్నా సరే, లోపల రేకులుంటే వద్దు. స్టీల్‌కట్ ఓట్స్, అంటే రేకులుగా నొక్కకుండా ముక్కలుగా కోసినవి, కొనండి. మిక్సీలో రెండు తిప్పులు తిప్పి, ఇడ్లీ రవ్వంత ఉండగానే ఆపండి. మెత్తని పిండి చేస్తే మళ్లీ జిగురే.

కప్పు రవ్వకు మూడు కప్పుల నీళ్లు. వేల్స్‌లో, ఉత్తర ఇంగ్లండ్‌లో రెండు మూడు రోజులు నానబెట్టేవారు. మన ఎండల్లో ఒక్క రోజుకే పులుస్తుంది. తరవాణి వాసన తెలిసినవాళ్లకు ఎప్పుడు ఆపాలో చెప్పక్కర్లేదు. పైన బూజు కనిపిస్తే మాత్రం మొత్తం పారేయండి.

పలుచని గుడ్డలో వడగట్టి గట్టిగా పిండండి. వచ్చిన నీళ్లను కదపకుండా ఉంచితే పిండి అడుగుకు దిగి, పైన తేట నిలుస్తుంది. తేటంతా వంచేసి అడుగున తేరిన తెల్లటి ముద్దను కూడా పారబోశామని కొందరు రాశారు. అయ్యో, ఫ్లమరీ అంటే ఆ ముద్దే! నేను తేటలో సగమే వంచేస్తాను, పులుపు నిలవాలి కదా. మిగతాది కలిపి, సన్నని సెగ మీద గరిటె ఆపకుండా తిప్పండి. చల్లని పళ్లెంలో ఒక చుక్క వేసి చూడండి. జారకుండా నిలిస్తే దించేయండి. పోసే గిన్నెను ముందే నీళ్లతో తడిపితే శుభ్రంగా ఊడొస్తుంది.

18వ శతాబ్దంలో ఈ పేరుకే వట్టి ముఖస్తుతి అనే అర్థం కూడా వచ్చింది. అది చూసి ఇదేదో చప్పిడి వంటకం అనుకోకండి. పులుపు కుదిరిన ఫ్లమరీకి మంచి రుచి ఉంది. 17వ శతాబ్దంలో ఇంగ్లిష్ రచయిత జర్వేస్ మార్కమ్ దీన్ని వైన్‌తో, బీరుతో, పాలతో తింటారని రాస్తూ, తేనెకే పెద్దపీట వేశాడు. నాదీ తేనె పక్షమే. పంచదార వేయకండి, పులుపును మింగేస్తుంది.

అభ్యాసం: ఒకేసారి రెండు గిన్నెలు నానబెట్టండి. ఒకటి 18 గంటలకు, రెండోది 30 గంటలకు వడగట్టి వండండి. తేనె వేయకుండా రెండూ రుచి చూసి, ఏది నచ్చిందో, ఎందుకో రాయండి. వచ్చే పాఠంలో ఇంగ్లండ్ వంటల రచయిత్రి ఎలిజబెత్ రాఫాల్డ్ 1769లో తన పుస్తకంలో ప్రచురించిన బాదం ఫ్లమరీ. అందులో ఓట్స్ ఉండవు.