ఎండకు మచ్చలు తేలితే, ఇంట్లో క్యాన్సర్లు వరుసగా వస్తుంటే: డీఎన్‌ఏ మరమ్మతులో లోపం ఎక్కడ?

కణం రెండుగా విడిపోయే ముందు రెండు పోగుల మీద సుమారు 600 కోట్ల అక్షరాల (రసాయన ముక్కల) జతలున్న తన డీఎన్‌ఏ మొత్తానికి కొన్ని గంటల్లోనే నకలు రాసుకుంటుంది. రాసే ఎంజైమ్ పాలిమరేజ్ దాదాపు లక్ష అక్షరాలకు ఒకటి తప్పు పెట్టినా, వెంటనే వెనక్కి జరిగి దాన్ని తీసివేసి సరైనది పెడుతుంది. అప్పటికీ మిగిలిన తప్పులను మరికొన్ని ప్రోటీన్లు వెతికి సరిదిద్దుతాయి. నకలు రాయని రోజున కూడా ప్రతి కణంలో వేల అక్షరాలు వాటంతట అవే ఊడిపోతుంటాయి. దెబ్బలు అందరికీ తగులుతాయి; ఏ మరమ్మతు పద్ధతి పనిచేయడం లేదో దాన్నిబట్టి జబ్బు మారుతుందని హన్మకొండలో నా విద్యార్థులకు మొదటి రోజే చెబుతాను.

సమస్య: రెండేళ్లు నిండని బిడ్డకు ఎండ తగిలే ముఖం, మెడ, చేతుల మీద నువ్వు గింజలంత మచ్చలు దట్టంగా తేలుతున్నాయి, వెలుతురులో కళ్లు తెరవలేకపోతోంది.

కారణం: ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఒకే పోగులో పక్కపక్కనున్న రెండు థైమిన్లను (డీఎన్‌ఏ అక్షరాల్లో ఒక రకం) అతికించేస్తాయి. అక్కడ పోగు వంగిపోయి, నకలు రాసే పాలిమరేజ్ ముందుకు సాగదు. ఆరోగ్యంగా ఉన్న కణం ఆ వంపును గుర్తించి, ఇరువైపులా కోసి, దాదాపు 30 అక్షరాల ముక్కను తొలగించి, ఎదుటి పోగును చూసి ఖాళీని పూరించి, చివరికి లైగేజ్ అనే ఎంజైమ్‌తో అతుకుతుంది. జీరోడెర్మా పిగ్మెంటోసమ్ అనే ఈ జబ్బు ఉన్న పిల్లల్లో ఈ మరమ్మతే జరగదని 1968లో శాస్త్రవేత్త జేమ్స్ క్లీవర్ చూపాడు. వీరికి 20 ఏళ్లలోపు చర్మ క్యాన్సర్ ముప్పు ఇతరులకన్నా వేల రెట్లు ఎక్కువ. తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపమున్న జన్యువు అందితేనే జబ్బు వస్తుంది కాబట్టి, మేనరికాలు ఎక్కువగా ఉన్న మన కుటుంబాలు దీన్ని తేలిగ్గా తీసుకోరాదు.

పరిష్కారం: లోపించిన మరమ్మతును తిరిగి తెచ్చే మందు లేదు; దెబ్బ తగలకుండా చూడడమే మార్గం. నర్సంపేట వైపు మిరపకాయ ఏరే ఆడవాళ్లు చీర మీద పొడుగు చేతుల చొక్కా తొడిగి, తలకూ ముఖానికీ తువ్వాల చుట్టి కళ్లు మాత్రమే కనిపించేలా చేనులోకి దిగుతారు. ఈ బిడ్డకు అంతటి కప్పు రోజూ కావాలి, పైగా అతినీలలోహిత కిరణాలను ఆపే కళ్లద్దాలూ ఉండాలి. మామూలు కిటికీ అద్దం ఆ కిరణాలను పూర్తిగా ఆపదు గనుక దానికి ఫిల్మ్ అంటించాలి. ఎండ తగలనందువల్ల తగ్గే విటమిన్ డి‌ని డాక్టర్ సలహాతో ఇవ్వాలి, చర్మాన్నీ కళ్లనూ కొన్ని నెలలకోసారి పరీక్ష చేయించాలి. మరో బిడ్డను కనే ముందు హైదరాబాద్ నిమ్స్‌లోని మెడికల్ జెనెటిక్స్ విభాగాన్ని సంప్రదించవచ్చు. ప్రతి కాన్పులోనూ బిడ్డకు ఈ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు ఉంటుంది.

సమస్య: ఒకే ఇంట్లో 50 ఏళ్లలోపే పెద్దపేగు లేదా గర్భాశయ క్యాన్సర్ ఇద్దరు ముగ్గురికి వచ్చింది.

కారణం: నకలులో మిగిలిన తప్పులను దిద్దే జన్యువుల్లో, ముఖ్యంగా ఎంఎల్‌హెచ్1, ఎంఎస్‌హెచ్2లలో లోపం ఉండవచ్చు, దీన్నే లించ్ సిండ్రోమ్ అంటారు.

పరిష్కారం: తీసిన గడ్డలో ఈ తప్పులు దిద్దే పద్ధతి పనిచేస్తోందో లేదో పరీక్ష చేయమని అడగండి. లోపం తేలితే రక్తసంబంధీకులూ పరీక్ష చేయించుకోవాలి. అది ఉన్నవారు సాధారణంగా 20-25 ఏళ్ల నుంచే, ఒకటి రెండేళ్లకోసారి, కొలనోస్కోపీ (గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) చేయించుకోవాలి.

సమస్య: చిన్న వయసులో రొమ్ము క్యాన్సర్, అదే కుటుంబంలో అండాశయ క్యాన్సర్.

కారణం: రెండు పోగులూ ఒకేచోట తెగితే కణం పక్కనున్న నకలును చూసి తప్పు లేకుండా అతుకుతుంది. ఈ పనికి అవసరమైన బీఆర్‌సీఏ జన్యువులు చెడితే అది కుదరక, తెగిన కొసలు అక్షరాలు పోగొట్టుకుని అతుక్కుంటాయి.

పరిష్కారం: ఓలాపరిబ్ వంటి మందు క్యాన్సర్ కణానికి మిగిలిన మరో మరమ్మతు దారినీ మూసేస్తుంది, ఆ కణం తట్టుకోలేక చనిపోతుంది. లోపమున్న ఈ జన్యువు తండ్రి వైపు నుంచి కూడా వస్తుంది. కాబట్టి డాక్టర్ అడిగినప్పుడు "మా అమ్మకు లేదు" అని ఆగిపోకుండా, మేనత్తకూ నాయనమ్మకూ ఏం వచ్చిందో, ఏ వయసులో వచ్చిందో తప్పక చెప్పండి.