బేరమాడని పార్టీ (కొనేవాడు) వస్తే ఆగండి: ఆన్‌లైన్‌లో కార్లు పెట్టే డీలర్లకు సమస్య - పరిష్కారం

ఫొటోలు ఎలా తీయాలో, రేటు ఎంత పెట్టాలో పాత కార్ల యార్డు నడిపేవాళ్లకు చెప్పక్కర్లేదు. ఓఎల్ఎక్స్‌లోనో ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లోనో బండి పెట్టాక వచ్చే తలనొప్పుల గురించే ఇది. గొడవ ఏదైనా మొదట చూడాల్సింది మీ బ్యాంకు యాప్‌లో బ్యాలెన్సు. ఎస్ఎంఎస్ కాదు, స్క్రీన్‌షాట్ కాదు, అవతలివాడు చదివి వినిపించే యూటీఆర్ (బ్యాంకు లావాదేవీ) నంబరు అసలే కాదు. ఈ సంగతి అందరికీ తెలుసు. తాళం ఇచ్చే హడావిడిలో చూసేవాళ్లే తక్కువ.

డబ్బు పంపానంటున్నాడు, ఖాతాలో పడలేదు

కారణం ఎక్కువసార్లు ఒకటే: పంపలేదు. "ఆదివారం కదండీ, రేపు పడుతుంది" అంటే నమ్మకండి. బ్యాంకు నుంచి బ్యాంకుకు డబ్బు పంపే పద్ధతుల్లో నెఫ్ట్ 2019 డిసెంబరు నుంచి, ఆర్‌టీజీఎస్ 2020 డిసెంబరు నుంచి సెలవుల్లో కూడా ఇరవై నాలుగు గంటలూ నడుస్తున్నాయి. నెఫ్ట్ అరగంటకో విడతగా వెళ్తుంది కాబట్టి కొంచెం ఆలస్యం సహజమే, రోజంతా మాత్రం పట్టదు. ఇంకో గుర్తు: ఆర్‌టీజీఎస్‌లో 2 లక్షల కన్నా తక్కువ పంపడం కుదరదు. 50 వేల టోకెన్ అడ్వాన్సుకు ఆర్‌టీజీఎస్ స్క్రీన్‌షాట్ వచ్చిందంటే అది దొంగదని అక్కడే తేలిపోయింది.

చెక్కు వేశాడని ఖాతాలో అంకె కనబడినా, క్లియర్ అయ్యేదాకా అది మీ డబ్బు కాదు. అడ్వాన్స్ పంపుతా, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి అనేవాడి ఫోన్ పెట్టేయండి. డబ్బు తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు.

పార్టీ వచ్చాడు, బండి నచ్చింది, బేరమే ఆడలేదు

చూడ్డానికి ఇది సమస్యలా ఉండదు, అందుకే ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. మీరు 2018 స్విఫ్ట్ వీఎక్స్ఐ ఒకటి 5.40 లక్షలకు పెట్టారనుకోండి. ఒకడు ఫోన్ చేసి ఆర్సీ, ఇన్సూరెన్సు, ఇంకో నాలుగు ఫొటోలు వాట్సాప్‌లో పంపమంటాడు. చెప్పిన రేటుకు వెంటనే సరేనంటాడు. "మా బావగారు వచ్చి చూస్తారండీ. ఆయన దగ్గర రేటు మాట మాత్రం ఎత్తకండి, మా మధ్య పాత లెక్కలున్నాయి" అంటాడు. సాయంత్రానికి బావగారు వస్తారు. బానెట్ ఎత్తి చూస్తారు, ఓ రౌండు నడుపుతారు, బాగుందంటారు. రేటు ఊసెత్తరు. టైర్లు అరిగాయనో, డోర్ మీద గీత ఉందనో ఒక్క వెయ్యి కూడా తగ్గించమని అడక్కుండా మన దగ్గర కారు కొనేవాళ్లు ఎవరైనా ఉంటారా?

జరిగేది ఇదీ. ఫోన్ చేసినవాడు మీ ఫొటోలే ఎత్తుకుని, అదే బండిని 4.10 లక్షలకు తన ప్రకటనగా పెట్టాడు. ఆ రేటు చూసి పరిగెత్తుకొచ్చిన అసలు కొనుగోలుదారే మీ ముందున్న ఆ బావగారు. ఆయనకు చెప్పింది ఇంకో కథ: "యార్డులో ఉండేది మా తమ్ముడు. వాటాల దగ్గర పేచీ నడుస్తోంది, వాడి దగ్గర రేటు సంగతి ఎత్తొద్దు." ఇద్దరూ మర్యాదకు పోయి నోరు మెదపరు. బండి కళ్లముందుంది, ఆర్సీ సరిపోయింది, యార్డుకు బోర్డు ఉంది. ఇక అనుమానం దేనికని ఆయన అక్కడే నిలబడి 4.10 లక్షలు మోసగాడి ఖాతాకు వేసేస్తాడు. అప్పుడే మీ ఫోన్‌కి 5.40 లక్షల స్క్రీన్‌షాట్ వస్తుంది. ఆయన తాళం ఇమ్మంటాడు, మీరు డబ్బు పడలేదంటారు. ఆయన లెక్కలో మీరూ ఆ ముఠాలోవాళ్లే. పోలీసులకు ఇవ్వడానికి ఆయన దగ్గరున్న ఒకే ఒక్క అడ్రసు మీ యార్డుది.

అనుభవమున్న డీలర్లు కూడా దీనికి పడిపోవడానికి కారణం ఉంది. "పార్టీని పంపుతున్నా, రేటు నేను చెప్పేశా, పైన నా కమీషన్ ఉంది, మీరు కదపకండి" అనే మాట ఏజెంట్ల నోట రోజూ వినేదే. మోసగాడి మాట అచ్చం అలాగే ఉంటుంది కాబట్టి చెవికి తేడాగా తగలదు.

పరిష్కారం టెస్ట్ డ్రైవ్‌కి తాళం తీయకముందే చెయ్యాలి. వచ్చిన మనిషిని కూర్చోబెట్టి సూటిగా అడగండి: మీకు రేటు ఎంత చెప్పారు? డబ్బు ఎవరి పేరున వేస్తున్నారు? ఫోన్ చేసినాయన మీకేమవుతారు? రెండు నిమిషాల్లో బావగారి చుట్టరికం తేలిపోతుంది. ఏజెంటు నొచ్చుకుంటాడని మానేయకండి. తెలిసిన ఏజెంటైతే రేటు అడగరు, సరే. డబ్బు ఎవరి పేరున పడుతుందో మాత్రం అడగాల్సిందే. కమీషన్ పోతుందని భయపడేవాడికి అది విడిగా ఇస్తామని ముందే చెప్పొచ్చు.

మళ్లీ జరక్కుండా ప్రకటన మొదటి లైన్లోనే "డబ్బు ఫర్మ్ పేరున్న కరెంట్ ఖాతాకే, రేటు యార్డులోనే" అని రాయండి. ఆ ఖాతా పేరునే పెద్ద అక్షరాల్లో ఆఫీసు గోడకు అంటించండి. ఫొటో మూలన చిన్న వాటర్‌మార్క్ వేస్తే క్రాప్ చేసేస్తారు. యార్డు పేరున్న అట్టను బానెట్ మీద పెట్టి ఫొటో తీస్తే తీసేయడం కష్టం. ఆర్సీ పంపక తప్పనప్పుడు ఇంజిన్, ఛాసిస్ నంబర్లలో చివరి అంకెలు మూసి, తేదీతో సహా "విచారణ కోసం మాత్రమే" అని అడ్డంగా రాసి పంపండి. పాత ఓనరు ఆధార్ ఎవరికీ పంపొద్దు. మోసగాడు తానే ఓనరునని చూపించేది దాంతోనే. వారానికోసారి ముఖ్యమైన ఫొటోను గూగుల్ లెన్స్‌లో వెతకండి. మీ బండి ఇంకో పేరుతో, తక్కువ రేటుతో కనబడితే ఆ ప్రకటనను రిపోర్ట్ చేసి, అందులోని నంబరుకు కొనేవాడిలా ఫోన్ చేసి బండి ఎక్కడుందని అడగండి. మీ యార్డు అడ్రసే చెప్పాడంటే పార్టీలు ఇప్పటికే దారిలో ఉన్నారనే అనుకోండి.

డబ్బు నిజంగానే పడింది, వారానికి ఖాతా ఆగిపోయింది

కొన్నవాడు ఒకడు, డబ్బు వేసింది ఎవరో మూడో మనిషి. ఆ డబ్బు ఇంకెక్కడో సైబర్ మోసంలో పోయినదైతే, ఫిర్యాదు మీద బ్యాంకు మీ ఖాతాలో ఆ మొత్తాన్ని, ఒక్కోసారి ఖాతానే ఆపేస్తుంది. ఫారం 30 (పేరు మార్పిడి దరఖాస్తు) మీద సంతకం చేసే మనిషి ఖాతా నుంచే డబ్బు రావాలనే షరతు పెట్టుకోండి. కుటుంబంలోవాళ్లు వేస్తే వాళ్ల ఐడీ, ఒక కాగితం రాయించుకోండి. "ఎక్కువ పడింది, మిగతాది ఈ నంబరుకు కొట్టండి" అంటే కొట్టొద్దు. వచ్చిన ఖాతాకే, బ్యాంకు ద్వారానే తిరిగి వెళ్లాలి. చిక్కంతా వద్దు, నగదే తీసుకుందాం అంటారా? 2 లక్షలు, ఆపైన నగదు తీసుకుంటే తీసుకున్నంతా జరిమానాగా పోవచ్చు.

మీ అకౌంటులో మీరు పెట్టని బండ్లు కనబడుతున్నాయి

ప్రకటన వెరిఫికేషన్ అంటూ ఎవరో ఓటీపీ అడిగారు, యార్డులో కుర్రాడు చెప్పేశాడు. లేదా వాట్సాప్‌లో చలానా పేరుతో వచ్చిన ఏపీకే ఫైలు (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు) ఎవరో నొక్కారు. పాస్‌వర్డ్ మార్చండి, అన్ని డివైస్‌లలోంచి లాగౌట్ కొట్టండి, వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ తెరిచి తెలియనివి తీసేయండి. ఏపీకే నొక్కిన ఫోన్‌ను రీసెట్ చేసేదాకా అందులో బ్యాంకు యాప్ వాడొద్దు.

అమ్మిన బండికి చలాన్లు వస్తున్నాయి

అమ్మాక ప్రకటన తీయలేదు, పేరు మార్పిడీ కాలేదు. ఫారం 29 (బండి అమ్మానని ఇచ్చే నోటీసు), ఫారం 30 సంతకాలతో ఖాళీగా ఇచ్చి పంపడం ఈ వ్యాపారానికి పాత జబ్బు. యాక్సిడెంట్ అయితే రిజిస్టర్లో పేరున్నవాడిదే బాధ్యతని 2018లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. అంటే మీకు బండి అమ్మిన పాత ఓనరు చిక్కుకుంటాడు, ఆయన నేరుగా మీ యార్డుకే వస్తాడు. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం ఆర్టీఏ దగ్గర ఆథరైజ్డ్ డీలరుగా నమోదైతే, ఓనరు బండిని డీలరుకు అప్పగించానని ఫారం 29సీ ఇచ్చినప్పటి నుంచి బండికి మీరే ఓనరుగా లెక్క. ఎన్ఓసీకి (అభ్యంతరం లేదనే పత్రానికి), పేరు మార్పిడికి మీరే దరఖాస్తు చేయొచ్చు. అది లేకపోతే తేదీ, టైము, కిలోమీటర్ రీడింగుతో డెలివరీ నోట్ రాయించుకోండి, పాత ఫాస్టాగ్ మూయించండి. బండి అమ్ముడవకముందే ఎక్కడెక్కడి నుంచో చలాన్లు వస్తుంటే, ఫొటోలో నంబరు ప్లేటు చూసి ఎవరో నకిలీ ప్లేటు కట్టుకున్నారు. ప్లేటు మూసి ఫొటోలు మళ్లీ పెట్టండి, పోలీసు ఫిర్యాదు కాపీతో చలాన్లను సవాలు చేయండి.

టెస్ట్ డ్రైవ్‌లో బండితో ఉడాయించడం, అమ్మినవాడే జీపీఎస్ దాచి మారు తాళంతో వచ్చి ఎత్తుకెళ్లడం అరుదు. ఒరిజినల్ లైసెన్స్ చూసి పక్క సీట్లో మనిషిని కూర్చోబెట్టండి, కొన్న బండికి రెండు తాళాలూ తీసుకోండి, చాలు.

డబ్బు పోయిందని తెలిసిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, మధ్యాహ్నం చూద్దాం అనుకుంటే ఆ డబ్బు నాలుగు ఖాతాలు దాటిపోతుంది. యూటీఆర్ నంబరు, అవతలి ఖాతా వివరాలు పక్కన పెట్టుకుని మాట్లాడండి. చాట్లు, ఆ దొంగ ప్రకటన స్క్రీన్‌షాట్లు కోపంతో డిలీట్ చేయకండి. మీరు ముఠాలో లేరని చూపించడానికి మీ దగ్గరుండేవి అవే.