వీపు కండ తీశాక చెయ్యి మళ్లీ పైకి లేవాలంటే

రొమ్ము తీసేసిన చోట కొత్తగా రొమ్ము కట్టడానికో, మానని పెద్ద పుండును పూడ్చడానికో కొందరికి వీపు కండను తెచ్చి పెడతారు. లాటిసిమస్ డార్సై అనే ఈ వెడల్పాటి కండ నడుం నుంచి చంక దాకా పరుచుకుని ఉంటుంది. ఎత్తిన చేతిని కిందికీ వెనక్కీ లాగేది ఇదే. ఇది పోయినా పక్కనున్న టెరీస్ మేజర్ అనే చిన్న కండ, ఛాతీ కండ ఆ పనిని చాలావరకు అందుకుంటాయి. జడ వేసుకోవడం, పైట సర్దుకోవడం తిరిగి వచ్చేస్తాయి. బావిలో చేద లాగడం, వల లాగడం, నిచ్చెన ఎక్కడం మాత్రం ఆలస్యమవుతాయి.

గాయంలో ఊరే నీటిని బయటికి తీసే డ్రెయిన్ గొట్టం ఉన్నన్నాళ్లు చేతిని భుజం ఎత్తు దాటనివ్వొద్దు. దాటితే వీపు చర్మం కింది పొరలు అతుక్కోక నీరు ఊరుతూనే ఉంటుంది. అలాగని చేతిని కట్టిపడేయకూడదు. వేళ్లు, మణికట్టు, మోచెయ్యి గంటకోసారి ఆడించాలి. గొట్టం చివరి డబ్బాలో చేరిన నీటిని రోజూ ఒకే వేళకు కొలిచి రాసిపెట్టండి. 24 గంటలకు 30 మిల్లీలీటర్ల లోపుకు దిగాక సాధారణంగా గొట్టం తీస్తారు, నిర్ణయం సర్జన్‌దే. రవిక ముందు హుక్కులది వేసుకోండి. తొడిగేటప్పుడు ఆపరేషన్ చెయ్యి ముందు, విప్పేటప్పుడు ఆఖర.

గొట్టం తీశాక డాక్టరు సరేనంటే గోడ దగ్గర మొదలుపెట్టాలి. గోడకు అడుగు దూరంలో ఎదురుగా నిలబడి వేళ్లను చీమ పాకినట్టు పైకి పాకించండి. లాగినట్టు అనిపించిన చోట ఆగి, ఐదు లెక్కపెట్టి, మెల్లగా దించండి. పూటకు ఐదు సార్లు, రోజుకు మూడు పూటలు. అందిన చోట బొగ్గుతో గీత పెట్టండి. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు: భుజాన్ని చెవి దాకా ఎగరేస్తారు, నడుం పక్కకు వంచేస్తారు. గీత పైకి పోతుంది గానీ కీలు కదలదు. రెండో చేతిని ఆ భుజం మీద ఆనించి ఉంచండి, అరచేతి కింద భుజం లేస్తుంటే అక్కడే ఆగండి. రేడియేషన్ ఉన్నవాళ్లు ఇది అస్సలు వాయిదా వేయకూడదు. రేడియేషన్ ఇచ్చే బల్ల మీద చెయ్యి తలపైకి పెట్టి కదలకుండా పడుకోవాలి. రేడియేషన్ అయ్యాక కూడా నెలల తరబడి కండ బిగుస్తుంది కాబట్టి కసరత్తు ఆపొద్దు.

పొగాకు పండించే టంగుటూరు, కొండపి వైపు ఇళ్లలో పొగాకు కర్రలు ఉండనే ఉంటాయి. వెల్లకిలా పడుకుని అలాంటి కర్రను రెండు చేతులా పట్టి తలమీదికి తీసుకెళ్లండి, మంచి చెయ్యి రెండోదాన్ని మోస్తుంది.

వీపు మీద నీళ్ల సంచిలా ఊగే వాపు వస్తే అది చేరిన నీరే. పిసకొద్దు, సర్జన్ సూదితో తీస్తారు. వేడి కాపడం అసలే వద్దు, అక్కడ స్పర్శ సరిగా ఉండదు కాబట్టి చర్మం కాలినా తెలియదు. చెయ్యి వెనక్కి లాగినప్పుడు కొత్త రొమ్ము అదిరితే భయపడకండి, తెచ్చి పెట్టిన కండ నరాన్ని కోయకుండా ఉంచితే అలాగే అవుతుంది. జ్వరం, ఎరుపు, చీము, పెట్టిన కండ రంగు మారడం, చెయ్యంతా వాయడం, వీటిలో ఏది కనిపించినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

ఆరు వారాల దాకా ఆ చేత్తో నిండు బిందె ఎత్తొద్దు. తర్వాత అరలీటరు నీళ్ల సీసాతో బలం పెంచుకోవాలి. పొగాకు ఆరబెట్టే బ్యారన్‌లో పైకెక్కి కర్రలు అందుకునే పనికి అన్నిటికన్నా ఆఖర, ఫిజియోథెరపిస్టు చూసి ఒప్పుకున్నాకే వెళ్లాలి.