పాత లింకు తెగకుండా: రీరైట్ నియమాలు రాసే ముందు జాగ్రత్తలు

పాత చిరునామాకు వచ్చినవారిని కొత్త చోటికి పంపే రీరైట్ నియమాలను, అపాచీ అనే వెబ్ సర్వర్‌లో డాట్ హెచ్‌టీయాక్సెస్ (.htaccess) ఫైలులో రాస్తాం. ముందుగా ఆ ఫైలుకు ఒక నకలు తీసి పక్కన పెట్టండి. అందులో ఒక్క డైరెక్టివ్ (ఆదేశం) పేరు తప్పు పడినా ఆ ఫోల్డరులోని సైటు మొత్తం 500 ఎర్రర్ చూపిస్తుంది. పైగా అపాచీని రీస్టార్ట్ చేయనక్కరలేదు కాబట్టి, సేవ్ చేసిన మరుక్షణమే తప్పు అమల్లోకి వస్తుంది. సర్వర్ అమరికల్లో తప్పులు వెతికే కాన్ఫిగ్‌టెస్ట్ ఈ ఫైలు జోలికి రాదు. మీ హోస్టింగ్‌లో అపాచీకి బదులు ఎన్‌జిన్‌ఎక్స్ అనే సర్వర్ ఉంటే, అది ఈ ఫైలును చదవనే చదవదు. అక్కడ దారి వేరు.

నన్ను బాగా ఏడిపించింది 301, అంటే పేజీ చిరునామా మారిందని సర్వర్ బ్రౌజర్‌కు చెప్పే సంకేతం. ఒకసారి ఒక వంటల సైటులో పాత లింకులన్నీ 301తో కొత్త చోటికి పంపాను. కొత్త చిరునామాలో ఒక అక్షరం తప్పింది. ఐదు నిమిషాల్లో దిద్దాను. కానీ ఆ ఐదు నిమిషాల్లో సైటు తెరిచిన మిత్రుడు మూడు రోజుల తర్వాత కూడా "ఇంకా బాగుచేయలేదా?" అని ఫోను చేశాడు. 301 అంటే శాశ్వతం అని అర్థం. బ్రౌజర్ దాన్ని గుర్తుపెట్టుకుని, మళ్లీ సర్వర్‌ను అడగకుండానే పాత తప్పుకే పోతుంది. మీరు దిద్దిన సంగతి దానికి తెలియదు. అందుకే పరీక్షించినన్నాళ్లూ తాత్కాలికం అని చెప్పే 302 పెట్టండి, అన్నీ కుదిరాక 301కి మార్చండి. సరిచూసుకోవడానికి బ్రౌజర్ కన్నా కర్ల్ అనే కమాండ్ పనిముట్టు నమ్మకమైనది.

వేరే చోటి నుంచి తెచ్చి అతికించిన నియమం పనిచేయకపోతే మొదటి స్లాష్ చూడండి. ఈ ఫైలులో నియమం దగ్గరికి వచ్చేసరికి చిరునామా ముందున్న స్లాష్‌ను అపాచీ తీసేస్తుంది. స్లాష్‌తో మొదలయ్యే నమూనా (నియమంలో చిరునామాను పోల్చి చూసే భాగం) ఎప్పటికీ సరిపోలదు. ఇక ఇదే చివరి నియమం అని చెప్పే "ఎల్" గుర్తు పెడితే అక్కడితో ఆగిపోతుందనుకోవద్దు. మారిన చిరునామాతో నియమాలన్నీ మళ్లీ మొదటి నుంచి నడుస్తాయి. ఆ చిరునామా కూడా నియమానికి సరిపోలితే గానుగెద్దులా తిరిగి తిరిగి, పదిసార్లు దాటాక 500 వస్తుంది. అపాచీ 2.4లో "ఎండ్" గుర్తు నిజంగా ఆపుతుంది. నిజంగా ఉన్న ఫైళ్లను, ఫోల్డర్లను వదిలేయమనే షరతు కూడా ముందే రాయండి, లేకపోతే బొమ్మలూ స్టైల్ ఫైళ్లూ కూడా నియమంలో చిక్కుకుంటాయి.

తెలుగు చిరునామాలు పెట్టేవారికి ఇంకో తిప్పలు. ఏ నుంచి జెడ్ వరకే ఒప్పుకునే నమూనాలో తెలుగు పట్టదు. స్లాష్ కానిదేదైనా అని రాయాలి. "తెలుగు" అన్న చిన్న మాట వాట్సాప్‌లో అతికిస్తే ఒక్కోసారి %E0 లాంటి గుర్తులుగా మారి 54 అక్షరాల చాంతాడవుతుంది: గుణింతాలతో కలిపి ఆరు సంకేతాలు, ఒక్కోదానికి తొమ్మిది అక్షరాలు. అంతకన్నా మాయదారిది కంటికి కనబడని విడదీత అక్షరం (ZWNJ). "సర్వర్‌లో" అని టైపు చేసి "లో" చెరిపేస్తే అది చివర మిగిలిపోవచ్చు. రెండు లింకులూ అచ్చం ఒకేలా కనిపిస్తాయి, ఒకటి తెరుచుకుంటుంది, ఒకటి 404 (పేజీ దొరకలేదు) అంటుంది. చిరునామా తయారయ్యేటప్పుడే చివర మిగిలిన ఆ అక్షరాన్ని కోడ్‌తో తీసేయించండి.